ఆ తండ్రి రాత్రి ఏం తిన్నాడు?

బాబూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ప్రేమికులిద్దరూ బాగా కుదిరారు. బస్టాండులో ఆ పిల్ల చిల్లర లెక్కపెట్టుకుంటూ ఓరగా చూసే చోట చాలాసేపు ఆగిపోయాను. అమ్మాయి తండ్రి వచ్చేసరికి మాత్రం కథ చల్లబడింది. ఆయన ఎప్పుడు కనిపించినా వీధిలోనే ఉంటాడు. వెనక రెండు సుమోలు, నోట్లో కులం పేరు. ఇరవై పేజీల కథలో ఆ మనిషి ఒక్కపూటైనా ఇంట్లో కూర్చుని అన్నం తినలేదు.

ప్రేమకి అడ్డొచ్చేవాళ్లని ఎలా రాయాలని అడిగావు కదా. 1981లో వచ్చిన హిందీ సినిమా 'ఏక్ దూజే కే లియే' దొరికితే చూడు. బాలచందర్ గారు 1978లో తెలుగులో తీసిన 'మరో చరిత్ర'నే మళ్లీ హిందీలో తీశారు. నిర్మాత ఎల్వీ ప్రసాద్ గారు, మన ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టినవారు. విశాఖ సముద్రం పక్కన నలుపు తెలుపుల్లో జరిగిన కథ గోవాకి వెళ్లింది. తెలుగులో అబ్బాయి తమిళుడు, అమ్మాయి తెలుగమ్మాయి. హిందీలో అబ్బాయి వాసు తమిళుడే, అమ్మాయి సప్నా ఉత్తరాది పిల్ల.

రెండు కుటుంబాలూ ఇరుగుపొరుగు. పిల్లలు ప్రేమించుకోకముందే పెద్దవాళ్లకి పడదు. వాళ్ల భాష వీళ్లకి గిట్టదు, వీళ్ల పద్ధతులు వాళ్లకి నచ్చవు. నేను దీన్నే గట్టిగా చెప్పదలుచుకున్నాను: ప్రేమ పుట్టడానికి ముందే ఆ ఇళ్లలో ఒక బతుకు నడుస్తోంది, కోపాలతో సహా. నీ కథలో తండ్రికి కూతురి ప్రేమ సంగతి తెలిసిన రోజే కోపం పుట్టింది. అంతకుముందు ఆయనకి జీవితమే లేదు.

ఆ సినిమాలో నాకు బాగా ఇష్టమైన చోటు లిఫ్టు. వాసుకి హిందీ సరిగా రాదు. మనసులో ఉన్నది చెప్పాలి, మాటలు లేవు. అప్పుడు తనకి తెలిసిన హిందీ సినిమాల పేర్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చి పాట కట్టేస్తాడు. రాసింది ఆనంద్ బక్షీ. పెద్దవాళ్లు దేన్ని చూపించి కాదంటున్నారో, ఆ పరాయి భాషతోనే కుర్రాడు ప్రేమ చెబుతున్నాడు. ఇంత పెద్ద విషయాన్ని ఒక్క డైలాగూ లేకుండా లిఫ్టంత చోటులో చెప్పేశారు.

ఆ పాటలు పాడింది మన బాలు గారు. దక్షిణాది గొంతు హిందీకి నప్పుతుందా అని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్–ప్యారేలాల్ సందేహించారట. హీరో దక్షిణాది కుర్రాడే కదా, యాస ఉంటే ఉండనివ్వండి అన్నారట బాలచందర్. ఆ సినిమాకే బాలు గారికి జాతీయ పురస్కారం వచ్చింది. ఇది నీకెందుకు చెబుతున్నానంటే, నీ కుర్రాడిది కరీంనగర్ అన్నావు, నోరు తెరిస్తే పాఠ్యపుస్తకం చదువుతున్నట్టు మాట్లాడతాడు. దయచేసి వాడి భాష వాడికిచ్చెయ్. ఆ పిల్ల వాడిని ప్రేమించింది ఆ మాట విని కూడా అయ్యుంటుంది.

ఇక పెద్దవాళ్లు పెట్టిన షరతు చూడు. ఏడాది పాటు కలుసుకోకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు. ఆ తర్వాత కూడా ఇదే మాట మీదుంటే పెళ్లి చేస్తారు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! మన ఇళ్లలో ఏ పెదనాన్నో అనగలిగిన మాటే. సుమోలు దాటి పారిపోవచ్చు గానీ, ఇలాంటి షరతు నుంచి ఎక్కడికని పారిపోతారు? ఆ ఏడాదిలోనే అనుమానాలూ అపార్థాలూ మొదలవుతాయి. వాసు మనసు కూడా ఊగుతుంది. ప్రేమికుడిని ఊగనిచ్చే ధైర్యం నీకింకా రాలేదు. వస్తుంది.

ఇంకో దృశ్యం. తల్లి వాసు ఫొటో తగలబెడుతుంది. సప్నా ఆ బూడిదని టీలో కలుపుకుని తాగేస్తుంది. ఒక ఫొటో, ఒక కప్పు టీ, అంతే. నువ్వు నాలుగు పేజీల వాదన రాసిన చోట ఇంట్లో రోజూ చేతికి తగిలే ఒక వస్తువుని వెతుకు.

ముగింపు దగ్గర మాత్రం ఆ సినిమా దారి పట్టకు. అందులో ఇద్దరూ చనిపోతారు. సినిమా వచ్చాక అలాగే ప్రాణాలు తీసుకున్న జంటల గురించి వార్తలు వచ్చాయి. నీ కథలోనూ ఇద్దరూ రైలు కింద పడ్డారు. నీ వయసులో నేనూ అలాంటి కథే రాశాను. ఒక వారపత్రిక వేసింది, మెచ్చుకుంటూ బోలెడు ఉత్తరాలు వచ్చాయి. ఒక ఉత్తరం ఒక తల్లి రాసింది. దుప్పట్లు మార్చుతుంటే కూతురి దిండు కింద నా కథ కత్తిరించి పెట్టుకున్న కాగితం దొరికిందట, చివరి పేరా కింద గీత గీసి ఉందట. అమ్మాయి క్షేమంగానే ఉందనీ, తను మాత్రం వారం నుంచి నిద్రపోలేదనీ రాసింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. చావు రాయకూడదని నేననను. నీకు కథ ముందుకి కదలక చావు దగ్గరికి వెళ్లావు, పదిహేడో పేజీలో అది తెలిసిపోతోంది. తండ్రి బొమ్మగా మిగిలిపోయాడు కాబట్టి ఆయనతో మాట్లాడే దారి నీ పిల్లలకి దొరకలేదు.

కథంతా తిరగరాయకు. ఒక్క దృశ్యం రాసి పంపు. సుమోలు వెళ్లిపోయాయి. రాత్రి పది దాటింది. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. కూతురు గది తలుపు వేసి ఉంది, భార్య కంచం పెట్టింది. ఆయన ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో, కూతురు తిన్నదా అని అడిగాడో లేదో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు