పాఠకుల ప్రశ్నలు: మార్కులు వస్తున్నాయి, పాఠం అర్థం కావడం లేదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఇక్కడే డిగ్రీలో అర్థశాస్త్రం ప్రధానాంశంగా చదువుతోంది. అధ్యాపకులు ఒడియాలో వివరించి, ఇంగ్లీషులో నోట్సు చెబుతారు. దాన్ని బట్టీ పట్టి మొదటి సెమిస్టరులో మంచి మార్కులే తెచ్చుకుంది కానీ, ఏం చదివావని అడిగితే చెప్పలేకపోతోంది. కొత్త విధానంలో మాతృభాషలో పరీక్ష రాయవచ్చని అంటున్నారు. తను తెలుగులో రాయవచ్చునా? ఆమె నోట్సు పుట ఒకటి దీంతో జతచేస్తున్నాను. (ఒక తల్లి, గజపతి జిల్లా)

జవాబు: అమ్మా, మీరు పంపిన పుటను చాలాసేపు చూశాను. పైన డిమాండ్ వ్యాకోచత్వానికి (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే కొలతకు) ఇంగ్లీషు నిర్వచనం గుండ్రని అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. మార్జినులో అధ్యాపకుడి నోటి వెంట వచ్చిన ‘దామొ బొఢిలే’ అన్న ఒడియా మాటలను మీ అమ్మాయి తెలుగు లిపిలో రాసుకుంది. వాటి కింద పెన్సిలుతో, చిన్నగా, ‘ధర పెరిగితే?’ అని ఉంది. ఆ పుట మొత్తంలో ఆమె సొంతంగా ఆలోచించిన చోటు అదొక్కటే. మీరు బెంగపడవలసింది ఆమె తెలివి గురించి కాదు, ఆ పెన్సిలు ప్రశ్నకు తరగతిలో జవాబు దొరకకపోవడం గురించి.

ముందుగా నిబంధన సంగతి. ఇంగ్లీషు మాధ్యమంలో నడిచే కోర్సులలో కూడా విద్యార్థులను స్థానిక భాషలో జవాబులు రాయనివ్వాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలను కోరింది. అది వినతి మాత్రమే. అమలు చేయడం, మానడం ఆయా విశ్వవిద్యాలయాల నిర్ణయం. పైగా ఒడిశాలో స్థానిక భాష అనగానే అందరూ ఒడియా అనే అర్థం చేసుకుంటారు. పర్లాకిమిడి బజారులో తెలుగు, ఒడియా రెండూ స్థానిక భాషలేనన్న వాస్తవానికి ఆ మాటలో చోటు దొరకదు. ఒకవేళ అనుమతి వచ్చినా, తెలుగు చదవగలిగి, అర్థశాస్త్రం తెలిసిన మూల్యాంకకుడు ఉండాలి కదా. ఇవన్నీ రాతపూర్వకంగా తేలనిదే తెలుగులో పరీక్ష రాసే సాహసం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. పరీక్ష ఇంగ్లీషులోనే రాయనివ్వండి. తెలుగు అవసరం అంతకు ముందరి మెట్టులో, అంటే అర్థం చేసుకునే దశలో ఉంది.

అర్థం చేసుకోవడానికీ పరీక్ష రాయడానికీ ఉన్న ఈ తేడాను మన విశ్వవిద్యాలయాలు ఇంకా సరిగా పట్టించుకోలేదు. 2020 జాతీయ విద్యా విధానం తరువాత వచ్చిన డిగ్రీ చట్రంలో మూడేళ్లకు 120, నాలుగేళ్లకు 160 క్రెడిట్లు ఉండాలి. ఉపన్యాసాలైతే సెమిస్టరుకు పదిహేను గంటల బోధనకు ఒక క్రెడిట్ చొప్పున, నాలుగు క్రెడిట్ల పేపరుకు అరవై గంటలు పాఠం జరగాలి. ఆ అరవై గంటలూ జరిగాయా అని లెక్క చూసేవారు ఉన్నారు. అందులో ఎన్ని గంటలు పిల్లల బుర్రకెక్కాయో చూసే ఏర్పాటు బలహీనంగా ఉంది. కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో అభ్యసన ఫలితాల పేరిట సిలబస్ మొదటి పేజీలోనే రాస్తారు. ‘విశ్లేషించగలగాలి’ అని అక్కడ ఉంటుంది, ప్రశ్నపత్రం మాత్రం ‘నిర్వచించుము’ అంటుంది. నిర్వచించమన్నప్పుడు బట్టీ పట్టిన పిల్లను తప్పు పట్టడం న్యాయం కాదు.

ఇంట్లో ఒక పని చేయండి. రోజూ అరగంట, అదే తరగతిలోని మరో తెలుగు అమ్మాయితో కూర్చుని, ఆ రోజు పాఠాన్ని పుస్తకం మూసి తెలుగులో చెప్పుకోమనండి. ఉప్పు ధర రెట్టింపైనా మీరు కూరలో వేసే ఉప్పు తగ్గదు. మల్లెపూల ధర పెరిగితే మూర కొనేచోట అర మూరతో సరిపెట్టుకుంటారు. ఈ రెండింటికీ తేడా ఏమిటో తన మాటల్లో చెప్పగలిగితే వ్యాకోచత్వం ఆమెకు వచ్చినట్టే. అప్పుడు అదే విషయాన్ని పుస్తకం చూడకుండా అయిదు ఇంగ్లీషు వాక్యాల్లో రాయమనండి. మొదట్లో తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వండి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి అర్థశాస్త్ర పుస్తకాలను తెలుగులో వెలువరించింది. ఆంధ్రలోని పాతపట్నం మీకు కూతవేటు దూరమే కాబట్టి, అటువైపు కళాశాలల్లో చదివినవారిని అడిగితే పాత ప్రతి దొరకవచ్చు. ఒడియాను మాత్రం దూరం పెట్టనివ్వకండి. అది ఇరుగుపొరుగు భాష, రేపు ఉద్యోగంలోనూ అక్కరకొస్తుంది.

కళాశాలను అడగవలసింది కూడా ఒకటుంది. క్రెడిట్ల చట్రంలో ఉపన్యాసంతో పాటు ట్యుటోరియల్ (చిన్న బృందాల్లో చర్చించి నేర్చుకునే) గంటలకూ చోటుంది. అందులో వారానికి ఒక గంట, పిల్లలను చిన్న జట్లుగా కూర్చోబెట్టి, ఏ భాషలోనైనా చర్చించుకోనిచ్చి, చివర్లో ఇంగ్లీషులో రాయించమని ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇవ్వండి. దీనికి కొత్త అధ్యాపకులు అక్కరలేదు, అదనపు నిధులూ అక్కరలేదు. అర్జీ మీద సవర గిరిజన పిల్లల తల్లిదండ్రుల సంతకాలు కూడా ఉండేలా చూడండి. వారికి ఒడియా రెండో భాష, ఇంగ్లీషు మూడోదో నాలుగోదో. మీ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందుగా తాను సవర నేర్చుకోవాలని గ్రహించారు, నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. పిల్లల భాషను తరగతిలోకి రానివ్వమని పర్లాకిమిడిలో అడగడం కొత్త కోరిక కాదని ప్రిన్సిపాల్‌గారికి ధైర్యంగా చెప్పవచ్చు.

ప్రశ్న: రాయగడలో డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తిచేశాను. విశాఖపట్నంలో కొనసాగిద్దామనుకుంటున్నాను. నా క్రెడిట్లు చెల్లుతాయా? (ఒక విద్యార్థి)

జవాబు: చెల్లే అవకాశం ఉంది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను దాచే డిజిటల్ ఖాతా అయిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమైన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు నిలుస్తాయి. అయితే పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. ఖాతాలో జమైనంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. నీవు చదివిన పేపర్లు తమ పేపర్లతో సరిపోతాయో లేదో అక్కడి విశ్వవిద్యాలయమే తేలుస్తుంది. కాబట్టి ప్రతి పేపరు సిలబస్ ప్రతిపైనా మీ కళాశాల ముద్ర వేయించుకుని, ఏయే పేపర్లను గుర్తిస్తారో అక్కడినుంచి రాతపూర్వకంగా తెప్పించుకో. ఆ కాగితం చేతికి వచ్చాకే ఇక్కడ టీసీ తీసుకో.