రొమేనియా ఎన్నిక రద్దు వెనక రష్యా ఉందా? అక్కడ పనిచేస్తూ చూసింది చెబుతాను

మీరు అడిగింది: "రొమేనియా నాటోలో ఉంది, యూరోపియన్ యూనియన్‌లో ఉంది. అలాంటి దేశంలో టిక్‌టాక్ వీడియోలతో రష్యా ఎన్నికను తిప్పేసిందంటే నమ్మొచ్చా, లేక ఓడిపోయినవాళ్లు కట్టిన కథా?"

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి మండలం. 2024 నవంబరులో ఆ అధ్యక్ష ఎన్నిక జరిగేనాటికి నేను డాన్యూబ్ ఒడ్డున గలాట్సి అనే ఊళ్లో ఓ షిప్‌యార్డులో వెల్డర్‌గా ఉన్నాను. బయటివాళ్ల చెయ్యి ఉందనే నా నమ్మకం. కానీ ఆ చెయ్యి దూరడానికి సందు మాత్రం లోపలివాళ్లే ఇచ్చారు.

మన దగ్గర 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆపేశారు కదా. అక్కడి సిమ్ వేయగానే మా రూములో కుర్రాళ్లంతా మళ్లీ ఎక్కించుకున్నారు. ఎన్నికల ముందు రోజుల్లో పాటలు, వంటల మధ్యలో ఒకే పెద్దమనిషి పదేపదే వచ్చేవాడు. గుర్రం మీద ఒకసారి, జూడో డ్రెస్సులో ఒకసారి, చలికాలంలో చన్నీళ్లలో ఈదుతూ మరోసారి. ఆయనే అధ్యక్ష పదవికి పోటీ చేసిన కలిన్ జార్జెస్కు. ఆ భాష ముక్క రాని మాకే ఆయన మొహం కంఠతా వచ్చేసింది. ఏ సర్వేలోనూ ముందు వరుసలో లేని మనిషి నవంబరు 24న జరిగిన మొదటి విడతలో దాదాపు 23 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచాడు. అక్కడ ఎవరూ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పెడతారు. ప్రచారానికి పెట్టిన ఖర్చు సున్నా అని లెక్క చూపాడు.

డిసెంబరు 4న అక్కడి ప్రభుత్వం నిఘా సంస్థల కాగితాలు కొన్ని బయటపెట్టింది. పోలింగుకు రెండు వారాల ముందు సుమారు 25,000 టిక్‌టాక్ ఖాతాలు ఒక్కసారిగా చురుగ్గా మారాయనీ, ఒకే ఖాతాదారుడు వీడియోలు చేసేవాళ్లకు నెలలో 3.81 లక్షల డాలర్లు పంచాడనీ అందులో ఉంది. డబ్బు తీసుకుని రాజకీయ ప్రచారం చేయడం టిక్‌టాక్ నిబంధనలకే విరుద్ధం. వీడియో చూసేవాడికి మాత్రం అది ప్రచారమని తెలియనే తెలియదు. ఇక్కడే నాకు బాగా కోపం వచ్చింది. గోడ మీద పోస్టరుంటే ఎవరు వేయించారో కనిపిస్తుంది, దీనికి ఆ గుర్తు కూడా లేదు.

అయితే వీడియోలు అంతగా ఎందుకు పనిచేశాయో ఊళ్లో ఉంటేనే అర్థమవుతుంది. గలాట్సికి కూతవేటు దూరంలో, సరిహద్దు అవతల, యుక్రెయిన్‌వాళ్ల రేని ఓడరేవు ఉంది. దాని మీద రష్యా డ్రోన్లు వచ్చిన రాత్రుల్లో మా ఫోన్లు ఒక్కసారిగా మోగేవి. డ్రోన్ శకలాలు పడొచ్చు, లోపలే ఉండండి అని ప్రభుత్వం పంపే హెచ్చరిక అది. నిద్ర మధ్యలో అలా లేచినవాడికి "మనకెందుకీ యుద్ధం, శాంతి కావాలి" అనేవాడు కనిపిస్తే మనసు అటు పోదా? ఆ మాట అన్న మనిషే పుతిన్‌ను మెచ్చుకునేవాడు, అక్కడి దెవెసెలు అనే ఊళ్లో ఉన్న నాటో క్షిపణి కవచం దేశానికి సిగ్గుచేటనేవాడు.

రెండోది వలస. 1990లో 2.3 కోట్లున్న రొమేనియా జనాభా 2021 లెక్కలకు 1.9 కోట్లకు పడిపోయింది. వాళ్ల వెల్డర్లు ఇటలీ, జర్మనీ వెళ్లిపోతే ఆ ఖాళీల్లోకి మాలాంటివాళ్లం వెళ్లాం. మా ఉద్దానంలో తాళం వేసిన ఇళ్లు, ముసలివాళ్లు మాత్రమే మిగిలిన వీధులు చూసి పెరిగినవాణ్ని కాబట్టి ఆ బాధ నాకు కొత్త కాదు. దేశం మమ్మల్ని వదిలేసిందని కడుపు మండి ఉన్న ప్రవాసుల్లో దాదాపు 43 శాతం జార్జెస్కుకే వేశారు. మనం ఓటేయాలంటే సొంతూరికి రావాల్సిందే. వాళ్లకు విదేశాల్లోనే పోలింగు కేంద్రాలు పెడతారు. ఆ మంట రష్యా రాజేసింది కాదు, ముప్పై ఏళ్లుగా లోపల ఉన్నదే.

డిసెంబరు 2న మొదటి విడత సరైనదేనన్న రాజ్యాంగ న్యాయస్థానం, 6వ తేదీన మొత్తం ఎన్నికనే రద్దు చేసింది. అప్పటికే విదేశాల్లో రెండో విడత పోలింగు మొదలైపోయింది. మా ఫోర్‌మన్ జార్జెస్కుకు వేసినవాడు. టీ బ్రేకులో హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో ఒకటే మాట అడిగాడు: "దొంగతనం జరిగితే దొంగను పట్టుకోవాలి, నా ఓటెందుకు చించేశారు?" నా దగ్గర జవాబు లేదు. రద్దు తప్పనిసరి అయిందేమో గానీ, నాలుగు రోజుల్లో మాట మార్చిన తీరు జనం నమ్మకాన్ని గట్టిగా దెబ్బతీసింది.

ఆ నెలలోనే మరో సంగతి బయటికొచ్చింది. జార్జెస్కుకు కలిసొచ్చిన ఒక టిక్‌టాక్ ప్రచారానికి డబ్బు కట్టింది అధికార కూటమిలోని లిబరల్ పార్టీయేనని అక్కడి విలేకరులు రాశారు. అంటే అంతా మాస్కో నుంచే నడిచిందనడానికి లేదు. పైగా 2025 ఫిబ్రవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్ మ్యూనిక్ సభలో ఈ రద్దును తప్పుపట్టాడు. మిత్రదేశం నుంచి వచ్చినా ఒత్తిడి ఒత్తిడే.

మార్చిలో జార్జెస్కు నామినేషన్ తిరస్కరించారు. మేలో మళ్లీ జరిగిన ఎన్నికలో మొదటి విడతలో ముందున్న జాతీయవాద నేత సిమియోన్‌ను, 18న జరిగిన రెండో విడతలో బుకారెస్టు మేయర్ నికుషోర్ దాన్ సుమారు 53.6 శాతంతో ఓడించారు. 2024 నవంబరులో 52 శాతం దాటిన పోలింగు ఈసారి 65 శాతం దగ్గరికి వచ్చింది. ఇన్ని గొడవల తర్వాత జనం అంతమంది లైన్లో నిలబడ్డారంటే నాకు చాలా సంతోషమనిపించింది.

కాబట్టి నమ్మొచ్చు, కానీ సగమే. మిగతా సగం కోర్టులో తేలాలి. 2025 సెప్టెంబరులో జార్జెస్కు మీద రాజ్యాంగ వ్యవస్థను కూలదోసే ప్రయత్నానికి సంబంధించి అభియోగాలు మోపారు, ఆయన కాదంటున్నారు. ఆ విచారణలో ఆధారాలన్నీ బహిరంగంగా చూపించాలి. మా ఫోర్‌మన్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అక్కడి అధికారులే.