తోలుపై లేజర్ అక్షరాలు ఎంతకాలం నిలుస్తాయి?

ప్రశ్న: పదవీ విరమణ చేసిన మా నాన్నగారికి తోలు పర్సు కొని, దానిపై ఆయన పేరును లేజర్‌తో చెక్కించి ఇచ్చాను. వారం తిరగకముందే అక్షరాల నుంచి నల్లటి పొడి రాలి, జేబురుమాలుకు మరకలు అంటుతున్నాయి. పేరు చెరిగిపోతుందేమోనని బెంగగా ఉంది. ఇటువంటి అక్షరాలు ఎంతకాలం నిలుస్తాయి?

జవాబు: బెంగపడకండి. రుమాలుకు అంటుతున్నది మసి మాత్రమే. ఈ పనికి ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఆ పరారుణ కిరణాన్ని తోలు బాగా పీల్చుకుంటుంది కనుక, కిరణం సోకినంత మేర పైపొర కాలి ఆవిరై, సన్నని గాడి మిగులుతుంది. రంగు పూయడం, రేకు అద్దడం వంటివేవీ ఇందులో ఉండవు కాబట్టి, బంగారు రేకు ముద్రలా ఇది రాపిడికి లేచిపోదు. గాడిలో మిగిలిన బొగ్గుపొడిని చెక్కినవారే తుడిచి ఇవ్వవలసింది. మెత్తటి గుడ్డను తడిపి, గట్టిగా పిండి, అక్షరాల వెంబడి నెమ్మదిగా తుడవండి. గుడ్డకు నలుపు అంటడం ఆగాక పర్సును నీడలో ఆరబెట్టండి. అక్షరాలు కొంచెం లేతబడితే కంగారు వద్దు, వాటి అసలు రంగు అదే.

ఇక మన్నిక సంగతి. గాడి తనంతట తాను పూడదు. దాని చుట్టూ ఉన్న తోలే మారుతుంది. చెట్టు బెరడు కషాయంతో పదును చేసిన తోలుపై అక్షరాలు మొదట ముదురు గోధుమరంగులో స్ఫుటంగా కనిపిస్తాయి. వెలుతురు, చేతి జిడ్డు తగిలేకొద్దీ తోలు కూడా ముదురుతుంది కనుక, కొన్నేళ్లకు రెండింటి రంగూ దగ్గరపడుతుంది. అయినా వేలితో తడిమితే పేరు తెలుస్తూనే ఉంటుంది, నాకైతే ఆ దశే అందంగా తోస్తుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలుపై గాడి తరచు బూడిదరంగుకు తిరుగుతుంది, అంత స్పష్టత రాదు. తోలు తుక్కును జిగురుతో అతికించి చేసిన వస్తువైతే, కొంతకాలానికి పైపొర పెచ్చులుగా లేచి, దానితోపాటే అక్షరాలూ పోతాయి.

పేరు ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి. పర్సు మడత మీద లోతుగా చెక్కితే అక్కడ తోలు పలచబడి, తెరచి మూసే ప్రతిసారీ వంగి, చివరకు పగులుతుంది. మీ పర్సుపై పేరు మడతకు దూరంగా ఉంటే ఆ భయం లేదు. ముదురు రంగు పాలిష్, మైనం గాడిలో చేరి సన్నని గీతలను పూడ్చేస్తాయి. రంగులేని తోలు క్రీమును అరుదుగా, కొద్దిగా రాస్తే సరిపోతుంది. శానిటైజర్‌లోని ఆల్కహాల్ తోలు పైపూతను కరిగించగలదు కాబట్టి, దాన్ని తగలనివ్వకండి.

ప్రశ్న: రెక్సిన్ సంచిపై కూడా ఇలా చెక్కించవచ్చునా?

జవాబు: అది పీవీసీ పూత గలదైతే వద్దు. పీవీసీ కాలినప్పుడు వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, యంత్రాన్నీ తుప్పు పట్టిస్తుంది. పేరును చిన్న తోలుముక్కపై చెక్కించి, దానిని సంచికి కుట్టించుకోండి.