క్రీమ్ ఆపగానే మంగు మచ్చలు ఎక్కువయ్యాయి.. లేజర్ చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 36. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద, పైపెదవి మీద గోధుమ రంగు మచ్చలు వచ్చాయి. తెలిసినవాళ్లు చెప్పిన క్రీమ్ రాస్తే మూడు వారాల్లో తగ్గాయి. ఆపగానే ఇంకా నల్లగా వచ్చాయి. ఎండలోకి వెళితే ముఖం ఎర్రబడి మండుతోంది. లేజర్ చేయించుకోవచ్చా?

జవాబు: లేజర్ ఇప్పుడే వద్దమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి ఇవి మంగు మచ్చలే. మేం మెలాస్మా అంటాం. కానీ ఆ మంట, ఎరుపు మంగువి కావు, క్రీమ్ తెచ్చిపెట్టినవి అని నా అనుమానం. ట్యూబ్ మీది చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి పేర్లు కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. మొదట్లో ముఖం తేటపడుతుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. కొందరికి మొటిమలు, నూగు వెంట్రుకలు కూడా వస్తాయి. మంట భరించలేక మళ్లీ అదే రాస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఇలా రెచ్చిపోయి ఉన్న చర్మం మీద లేజర్ చేస్తే మచ్చ ఇంకా ముదరవచ్చు.

ముందు చర్మం కుదుటపడాలి. సబ్బులు, స్క్రబ్‌లు, బ్లీచ్ మానేసి, మైల్డ్ ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్ చాలు. సన్‌స్క్రీన్ మాత్రం రోజూ కావాలి. ఎస్పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది, ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ రకం ఎంచుకోండి. మంగును పెంచేది అతినీలలోహిత కిరణాలొక్కటే కాదు, మామూలు వెలుతురు కూడా. తెల్లటి సన్‌స్క్రీన్లు దాన్ని పెద్దగా ఆపలేవు. చాలామంది బఠాణీ గింజంత రాసి పని చేయలేదంటారు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పెట్టుకుంటే ఎంత వస్తుందో అంత ముఖానికి, మెడకు కావాలి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

ఎరుపు తగ్గాక మచ్చలకు అజెలాయిక్ యాసిడ్ క్రీమ్‌తో మొదలుపెట్టవచ్చు. పాలిచ్చే తల్లులకూ ఇది ఇబ్బంది లేని మందు. హైడ్రోక్వినోన్ అనే క్రీమ్ బాగా పనిచేస్తుంది కానీ రాత్రిపూట, మచ్చ మీద మాత్రమే, డాక్టర్ చెప్పినన్ని వారాలే రాయాలి. ఏళ్ల తరబడి రాస్తే చర్మం నీలి నలుపుకు తిరిగే ప్రమాదం ఉంది. మొండి మంగుకు ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలూ ఇస్తాం. అవి రక్తం గడ్డకట్టే ముప్పును పెంచవచ్చు. కాబట్టి గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా తప్పకుండా చెప్పండి. ఆ గర్భనిరోధక మాత్రలే మంగును పెంచుతూ ఉండవచ్చు కూడా.

మెడ మడతల్లో మందంగా, మఖమల్‌లా నలుపు ఉంటే అది మంగు కాదు, షుగర్ పరీక్ష చేయించుకోవాలి. నుదురు, చెవుల దగ్గర నలుపు మొదలైతే జుట్టుకు వేసుకునే రంగు (హెయిర్ డై) పడటం లేదేమోనని అనుమానించాలి.

మార్పు కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, టెన్షన్ పడకండి. చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్రీమ్ ట్యూబ్ ఖాళీదైనా సరే, వెంట తీసుకెళ్లండి.