చెవిలో కూర్చోవాలి గానీ చెవిని కరవకూడదు

చిన్నమ్మడూ,

నువ్వు చేసి కొరియర్‌లో పంపిన ఒంటి చెవి ఫోన్ హెడ్‌సెట్ శాంపిల్ సోమవారం అందింది. మూడు రోజులు దాన్ని పెట్టుకునే తిరిగాను, మొక్కలకి నీళ్లు పోస్తూ, కూరలకి వెళ్తూ, మీ పెద్దమ్మ పిలిచినా ఫోన్‌లో ఉన్నట్టు నటిస్తూ. సౌండ్ బాగుంది, బ్లూటూత్ ఎక్కడా తెగలేదు, ఆ విషయంలో నీకు చెప్పేంత వాణ్ని కాదు. నేను చెప్పేదల్లా చెవి గురించే. మొదటి గంట హాయిగా ఉంది, రెండో గంటకి చెవి వెనక మంట, మూడో గంటకి తీసి జేబులో పడేశాను.

జారిపోతుందేమోనని భయపడి చెవి వెనక పట్టుకునే కొక్కెం బిగించేశావు, అవునా? అందరూ మొదట చేసే పనే అది. చర్లపల్లిలో మౌల్డింగ్ షెడ్డు నడిపే రోజుల్లో ఒక కాల్ సెంటర్‌కి రెండొందల హెడ్‌సెట్లు చేసిచ్చాను, నెల తిరక్కుండా సగం వెనక్కొచ్చాయి. ఏమైందో చూద్దామని వెళ్తే పిల్లలు కొక్కేలకి దూది, కర్చీఫు ముక్కలు చుట్టుకుని కూర్చున్నారు. ఒకమ్మాయి అయితే కొక్కేన్ని వదులు చేసేసి, దానికి నల్ల దారం కట్టి, ఆ దారాన్ని పైకి లాగి తలపిన్నుకి ముడేసుకుంది. ఇదేంటమ్మా అంటే, మా అమ్మమ్మ బుట్టలకి మాటీలు పెట్టుకునేది కదండీ, అంది. నాకు నోట మాట రాలేదు. బుట్టల బరువు తమ్మెని సాగదీయకుండా మాటీ దాన్ని పైకి తీసుకెళ్లి జుట్టుకి అప్పజెప్తుంది. ఆ బరువు ఎవరు మోస్తారో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు, పట్టు ఎంత గట్టిగా ఉందా అనే చూసుకున్నాను.

నీ శాంపిల్ తూచాను, 9 గ్రాములు. తక్కువే. కానీ బ్యాటరీ బయటి వైపు పెట్టావు, దాంతో బరువు కేంద్రం చెవి నుంచి దగ్గర దగ్గర 20 మిల్లీమీటర్లు బయటికి వచ్చేసింది. 9 ఇంటూ 20, 180. అదే వస్తువు 11 గ్రాములున్నా సరే, కేంద్రం 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 88, సగం కూడా లేదు. చెవిని లాగేది ఈ లెక్కే, తూకంలో కనిపించే గ్రాములు కాదు. కాబట్టి బ్యాటరీని చెవి వెనక్కి పంపించు, వినికిడి యంత్రాల్లో పెట్టినట్టు. వడ్రంగి చెవి మీద పెన్సిల్ పెట్టుకుని రోజంతా వంగి లేస్తాడు, దాన్ని ఏ క్లిప్పూ పట్టుకోదు, బరువు తలకి ఆనుకుని ఉంటుంది, అంతే.

ఈ కిటుకు కొత్తదేం కాదు. 1961లో కాలిఫోర్నియాలో ఇద్దరు పైలట్లు ప్లాంట్రానిక్స్ అనే కంపెనీ పెట్టి, చాలా తేలికైన హెడ్‌సెట్ చేశారు. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద నుంచి మాట్లాడింది కూడా ఆ కంపెనీ హెడ్‌సెట్‌లోనే. వాళ్ల పాత మోడళ్లలో నోటి దగ్గరికి వచ్చేది ఒట్టి సన్నటి ప్లాస్టిక్ గొట్టం, మైకు మాత్రం చెవి దగ్గరే ఉండేది, మాట గొట్టంలోంచి నడిచొచ్చేది. బరువైనవన్నీ చెవి దగ్గర, బోలుది దూరంగా. ఎంత తెలివో చూడు.

ఇక ఆనించే చోటు. అద్దంలో నీ చెవి చూసుకో. రంధ్రం ముందు ఒక బుడిపె, దానికి ఎదురుగా కింద ఇంకోటి, రెంటికీ మధ్య చిన్న గాడి, పైన మడత కింద ఒక గుంట. రెండు బుడిపెలూ, పై గుంటా, ఈ మూడు చోట్ల మెల్లగా ఆనితే చాలు, పొయ్యి రాళ్ల మీద గిన్నె కూర్చున్నట్టు కూర్చుంటుంది. పై గుంటలోకి మెత్తటి సిలికాన్ రెక్క ఇవ్వు, రబ్బరు మెత్తదనం కొలిచే షోర్ ఏ లెక్కలో 30, 40 మధ్య, మూడు సైజుల్లో. అక్కడంతా మృదులాస్థి మీద పల్చటి చర్మమే గానీ కండ ఉండదు, అందుకే ఒక్కచోట నొక్కితే గంటకే ఎర్రబడుతుంది. కొక్కెం కావాలంటే పెట్టుకో, కానీ సన్నటి తీగలా కోసుకుపోకుండా మెత్తటి తొడుగు వేసి, చెవి మొదలు పొడుగునా ఆనేలా వంచు. కళ్లజోడు వాళ్లకి ఆ చోట్లో కాడ ఉంటుంది, కాబట్టి కొక్కెం ఊడదీసుకునేలా ఉండాలి, నా మటుకు నాకు అది లేకపోతేనే సుఖం. అన్నట్టు పై డొప్ప రెండు ముక్కలూ అతికే జాయింటు గీత చర్మం వైపు ఎందుకు వచ్చింది? అచ్చు చేసే డై వాడితో చెప్పి బయటికి తిప్పించు, ఆ గీతే నన్ను గీరింది.

రంధ్రంలోకి లోతుగా దూర్చావు కూడా. పాటలు వినేవాడు నోరు మూసుకుని కూర్చుంటాడు, ఫోన్ హెడ్‌సెట్ వాడేవాడు మాట్లాడుతూనే ఉంటాడు, దవడ కదిలినప్పుడల్లా రంధ్రం ముందు గోడ కదులుతుంది, ఆ కదలిక నీ వస్తువుని కొద్దికొద్దిగా బయటికి నెడుతుంది. పైగా రంధ్రం పూర్తిగా మూసేస్తే మన గొంతు మనకే కుండలో తల పెట్టి మాట్లాడినట్టు మోగుతుంది. గాలి ఆడే చిన్న దారి వదులు.

నిలకడ సుఖం కోసమే అనుకోకు. నీ రెండు మైకుల్నీ కలుపుతూ గీత గీస్తే అది నోటి వైపు చూస్తుండాలి, వస్తువు కాస్త గిర్రున తిరిగిందంటే అది భుజం మాటలు వింటుంది. పెట్టుకోగానే దాని కొసకి ఎదురుగా చెంప మీద పెన్ను చుక్క పెట్టు, గంట తర్వాత అప్పడాలు నమిలించి, చెప్పులు తొడుక్కోమని వంచి, అప్పుడు చుక్కకి ఎంత దూరం జరిగిందో కొలువు. ఇది నీ స్నేహితుల మీద కాదు, వాళ్లందరికీ ఇంచుమించు ఒకే వయసు చెవులు. మీ నానమ్మ చెవికి పెట్టి చూడు, రెండో కమ్మ శీల ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. హెల్మెట్ పెట్టుకునేవాడికివ్వు. మే నెల ఎండలో చెమట పట్టినవాడికివ్వు.

బటన్ సంగతి మర్చిపోయాను. నొక్కినప్పుడల్లా మొత్తం చెవిలోకి దిగుతోంది, ప్రాణం పోయింది. పైన బటన్, కింద బొటనవేలికి ఆనిక ఇవ్వు, రెండు వేళ్లతో పట్టి నొక్కితే చెవికి ఏమీ తెలియదు.

కొత్త శాంపిల్ కుడి చెవికీ ఎడమ చెవికీ తిరిగేలా చేసి పంపు. నాది కుడి చెవి ఇంకా మండుతోంది, ఈసారి ఎడమదాంట్లో పెట్టుకుంటాను.

మీ పెదనాన్న