హారికకి, పిడుగుల కాలం రాకముందే

చిరంజీవి హారికకి బాబాయి ఆశీస్సులు.

నువ్వు తెరచాప పడవ కొన్నావనీ, జూలైలో ఫ్లోరిడా తీరం వెంట సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి కీ వెస్ట్ దాకా వెళ్తానంటున్నావనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. విని పొంగిపోయాను. మన ఇంట్లో నాకు తోడు ఇన్నాళ్లకి ఒకరు దొరికారు. కానీ జూలై అన్న మాట గుర్తొచ్చాక ఇక నిద్ర పట్టలేదమ్మా. కాకినాడ వచ్చి స్థిరపడినా, ఆ నెలలో టాంపా బే మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో నేనింకా మర్చిపోలేదు.

లైఫ్ జాకెట్, మంచినీళ్లు, చార్టులు అన్నీ నీకు తెలిసినవే. ఈత వచ్చు కదా అని జాకెట్ విప్పకు, అంతే. నేను చెప్పాలనుకున్నది పిడుగు గురించి.

టాంపా నుంచి ఓర్లాండో వైపు ఉన్న ప్రాంతాన్ని అక్కడ ‘లైట్నింగ్ ఆలీ’ అంటారు. ఎండాకాలంలో ఇటు గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి, అటు అట్లాంటిక్ నుంచి వీచే గాలులు నేల మీద ఢీకొని, వేడి తేమగాలిని పైకి తోసేస్తాయి. పొద్దున మబ్బు తునక కూడా లేని ఆకాశం మధ్యాహ్నం దాటేసరికి నల్లబడుతుంది. కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరి, భోజనాల వేళకల్లా లంగరు వేసెయ్యి. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టు. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్ఫై లోపు వినిపించిందంటే నువ్వు అప్పటికే లోపల ఉండాలి. వాన పడేచోటికి పది మైళ్ల అవతల కూడా పిడుగు పడగలదు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా డెక్ మీదికి రాకు.

చుట్టూ నీళ్లే ఉన్నచోట నీ మాస్టే, అంటే తెరచాప కట్టే స్తంభమే, అన్నిటికన్నా ఎత్తు. పిడుగు రాకుండా ఆపుతాయని మాస్ట్ కొనకి బిగించే బ్రష్షులు అమ్ముతారు. పనిచేస్తాయని రుజువు లేదు, డబ్బు తగలెయ్యకు. పడిన పిడుగు తిన్నగా నీళ్లలోకి దిగిపోయేలా దారి వెయ్యి. మాస్ట్ పాదం నుంచి కిందికి లావుపాటి రాగి తీగ కావాలి, 21 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు. పడవ అడుగున బరువుకోసం ఉండే కీల్ సీసం నేరుగా నీటిని తాకుతుంటే కీల్ బోల్టుకి బిగించు. సీసాన్ని ఫైబర్ గ్లాస్ లోపల పోసిన పడవైతే అది చాలదు, అడుగున కనీసం ఒక చదరపు అడుగు రాగి ప్లేటు పెట్టించాలి. అది కూడా ఉప్పునీటికే సరిపోతుంది. మంచినీటి సరస్సుల్లో కరెంటు సరిగా పారదు కాబట్టి అక్కడ పడవలకి దెబ్బ ఎక్కువ. ఇదేం కొత్త విద్య కాదు. 1831లో డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడకి విలియం స్నో హారిస్ అనే శాస్త్రవేత్త పద్ధతిలో మాస్టుల వెంట రాగి పట్టీలు వేశారు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. గుంటూరు మిత్రుడొకడు అక్కడ మా రేవులోనే పడవ ఉంచుకునేవాడు. ఎర్త్ తీగ ఒక బోట్ యార్డులో వేయించాడు. తీగ బయటికి కనబడకూడదని అక్కడి పనివాడు దాన్ని మూలమూలలా మడిచి, బ్యాటరీ కేబుళ్ల పక్కనుంచి లాగి, సింకు నీళ్లు పోయే చిన్న కంచు గొట్టానికి బిగించాడు. ఎంత నీటుగా ఉందో అని మావాడు మురిసిపోయాడు. కాలవలో వడిగా వచ్చే నీరు మలుపు దగ్గర గట్టు తెంచుకున్నట్టు, పిడుగు మడత దగ్గర తీగని వదిలి పక్కకి దూకుతుంది. తీగ వంచక తప్పకపోతే కనీసం ఎనిమిది అంగుళాల వ్యాసార్థంతో గుండ్రంగా తిప్పాలి. ఆరడుగుల లోపు ఉన్న పెద్ద లోహపు సామానంతా దానికి కలపాలి.

ఒక ఆగస్టు సాయంత్రం, రేవులో కట్టి ఉండగానే పడింది. అందరం పరిగెత్తాం. రేడియో, జీపీఎస్ మాడి కంపు కొడుతున్నాయి, పడవ మాత్రం తేలుతూనే ఉంది. ‘పోతే సామానే కదా పోయింది’ అని దేవుడికి దండం పెట్టుకుని, ఇన్సూరెన్స్ కోసం ఫొటోలు తీసుకుని ఇంటికెళ్లిపోయాడు. ఫ్లోరు పలకలు ఎత్తి చూడలేదు. లోపల నీళ్లు సన్నగా ఊరుతున్నాయి, బిల్జ్ పంపు తోడుతూనే ఉంది. ఛార్జర్ కూడా మాడిపోయిందని ఎవరికీ తెలియదు. బ్యాటరీ దిగిపోయింది, పంపు ఆగిపోయింది. తెల్లారేసరికి పడవ అడుగు బురదలో ఆనుకుని ఉంది. పైకి తీయించాక చూశాను. వాటర్‌లైన్ వెంట, అంటే నీటిమట్టం తగిలేచోట, పెన్సిల్ మొన పట్టేంత బెజ్జాలు, అంచులు గోధుమరంగుకి కాలిపోయి ఉన్నాయి. అతను ఒక్కొక్కదాన్నీ వేలితో తడుముతూ ఉండిపోయాడు. ఆ రాత్రి పిల్లల్ని తీసుకొచ్చి పడవలో పడుకుందామని అంతకుముందు అనుకున్నాడట.

అందుకే చెప్తున్నా, పిడుగు పడిందంటే ముందు పలకలు ఎత్తు. రేడియో సంగతి తర్వాత. అడుగున ఉన్న ప్రతి గొట్టం దగ్గరా దానికి సరిపోయే మెత్తటి కర్ర బిరడా తాడుతో కట్టి ఉంచు. చుక్క నీరు కనబడకపోయినా వెంటనే పడవ పైకి తీయించి చూపించు. దిక్సూచిని నమ్మకు, పిడుగు దాన్ని తప్పు చూపేలా చేయగలదు.

ఉరుములప్పుడు మాస్ట్‌కి దూరంగా లోపల కూర్చో. రెండు చేతులతో రెండు లోహపు వస్తువులు పట్టుకోకు. ఈతకి అసలు దిగకు. యాంటెన్నా తీగ ఊడదీసి, చేతి రేడియో, చిన్న జీపీఎస్, ఫోను ఓవెన్‌లో పెట్టెయ్. చుట్టూ ఉన్న లోహం వాటిని కాపాడే అవకాశం ఉంది. అవి లోపల ఉన్నప్పుడు ఓవెన్ వెలిగించకు తల్లీ, నీకు మతిమరుపు ఎక్కువ. ‘అర్జునా, ఫల్గుణా’ అనుకోమని మీ పిన్ని పక్కనుంచి చెప్తోంది. మా నాయనమ్మ మాచేత అనిపించేది. అనుకో, తప్పేం లేదు. కానీ తీగ మాత్రం సరిచూసుకో.

ఈ శనివారం పలకలు ఎత్తి మాస్ట్ పాదం, కీల్ బోల్టులు, వాటికి బిగించిన తీగ ఫొటోలు తీసి పంపు. అవి చూసేదాకా బయల్దేరే తేదీ ఖాయం చెయ్యకు. ప్రయాణం నవంబరుకి మార్చుకుంటే నేనూ వస్తాను, టికెట్ ఖర్చు నాదే.

ఇట్లు,
మీ బాబాయి