సమాధానం: రీ-యానిమేటర్ బ్లూరేలో ఆ సీన్ ఎందుకు లేదు?

అన్నా, డిస్క్ పాడవలేదు, టెన్షన్ పడకండి. రీ-యానిమేటర్ హారర్ సినిమా పాత వీహెచ్ఎస్ క్యాసెట్లో విలన్ డాక్టర్ హిల్ ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ హిప్నటైజ్ చేసే సీన్ ఉందని, కొత్త బ్లూరేలో అది మాయమైందని రాశారు కదా, మీరు చూసినవి రెండు వేర్వేరు వెర్షన్లు. 1985లో డైరెక్టర్ స్టువర్ట్ గోర్డన్ తీసిన ఈ సినిమా, ఏ వయసువాళ్లు చూడొచ్చో చెప్పే అమెరికా సెన్సార్ లాంటి రేటింగ్ లేకుండానే థియేటర్లకి వచ్చింది, నిడివి 86 నిమిషాలు. తర్వాత వీడియో కోసం ఆర్ రేటింగ్ (17 ఏళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లతో కలిసే చూడాలి) కాపీ ఒకటి తయారుచేశారు, అందులో రక్తం, పేగులు చాలావరకు కత్తిరించేసి, ఆ లోటు పూడ్చడానికి ఎడిటింగ్‌లో పక్కన పడేసిన సీన్లు తెచ్చి అతికించారు. అందుకే విచిత్రంగా, కోతపడిన కాపీయే అసలు దానికంటే పొడుగు! హిప్నాటిజం గోలంతా అక్కడిదే.

రెండూ ఒకేచోట కావాలంటే అట్ట వెనక నిడివి చూడండి. 105 నిమిషాలు అని ఉంటే అది 'ఇంటిగ్రల్' వెర్షన్, అందులో రక్తమూ ఉంటుంది, ఆ సీన్లూ ఉంటాయి. యారో వీడియో అనే డిస్కుల కంపెనీ 2017లో తెచ్చిన బ్లూరే సెట్‌లో ఇదీ, 86 నిమిషాలదీ రెండూ ఉన్నాయి. నన్నడిగితే మాత్రం 86 నిమిషాలదే బిగువుగా ఉంటుంది, ఆ హిప్నాటిజం వల్ల కథ సాగడం తప్ప ఒరిగేదేం లేదు. కొనేముందు రీజన్ కోడ్ (డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) చూసుకోండి, అమెరికా డిస్కులది 'A', మన ఇండియాది 'C'.